ఆరుగురికి ఒకే నాడి

అద్దానికి ఇవతల ఎవరికీ కనబడకుండా కూర్చుని వినడం దమయంతి పని. అవతల బల్ల వెనక ముగ్గురు సైనిక వైద్యులు ఉంటారు. సైన్యంలో చేరడానికి వచ్చిన కుర్రాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చి వాళ్ల ముందు నిలబడతారు. రక్తపరీక్షలూ స్కానింగులూ అప్పటికే అయిపోయి ఉంటాయి. చిన్నప్పటినుంచి ఒంటికి ఏమేం వచ్చాయో, ఏమేం తగిలాయో ఇక్కడ నోటితో చెప్పాలి. అంతంత యంత్రాలు ఉన్నాక ఈ మాటల పరీక్ష ఎందుకండీ అని ఆమె పనిచేసే ప్రయోగశాలకు కొత్తగా వచ్చినవాళ్లు అడిగేవారు. యంత్రానికి ఇవాళ్టి ఒళ్లే కనబడుతుంది, నిన్నటి సంగతి మనిషే చెప్పుకోవాలి అని దమయంతి జవాబిచ్చేది.

ఆ ఉదయం బక్కపలచటి కుర్రాడొకడు వచ్చి నిలబడ్డాడు. పేరు ఓబులేసు. ముదిగుబ్బ దగ్గర పల్లె.

"తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు బల్ల వెనక ఉన్న పెద్దాయన.

"తగిలింది సార్. చిన్నప్పుడు చింతమాను ఎక్కి పడినా. ఒక పూటంతా తెలివి లేదంట."

పెద్దాయన తల ఎత్తాడు. "నీ స్కానింగులో ఏమీ లేదు. నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు."

"మీరు అడిగినారు గదా సార్. అడిగితే దాచకుండా చెప్పమనింది మా యమ్మ."

ముగ్గురూ నవ్వుకున్నారు. మళ్లీ ఒకసారి తల స్కానింగు చేయించి, అంతా బాగుంటే తీసుకోవచ్చన్నారు. ఓబులేసు సెల్యూట్ కొట్టబోయి, ఇంకా తాను సైనికుడు కాదని గుర్తొచ్చి, చేతులు జోడించి వెళ్లిపోయాడు.

తరవాత వచ్చినవాణ్ని చూసి దమయంతి కుర్చీలోంచి సగం లేచింది.

తారకేశు. ఆమె తమ్ముడు. పలాసలో అమ్మ దగ్గర ఉన్నాడనుకుంటున్న తమ్ముడు. పెళ్లితో దమయంతి ఇంటిపేరు మారడంవల్ల, వీడు ఆమెకు ఏమవుతాడో అక్కడ ఎవరికీ తెలియదు.

"మూర్ఛగానీ, కళ్లు తిరిగి పడిపోవడంగానీ ఎప్పుడైనా ఉందా?"

"లేదు సార్."

"చిన్నతనంలో?"

"లేదు సార్."

గొంతులో తడబాటు లేదు. దమయంతి ముందు బల్లమీద ఎర్ర మీట ఉంటుంది. అది నొక్కితే అవతల దీపం వెలిగి పరీక్ష ఆగిపోతుంది. ఆమె చెయ్యి ఆ మీట పక్కనే ఉండిపోయింది. తారకేశు బయటికి వెళ్లాడు. ఇంకొకడు లోపలికి వచ్చాడు.

తారకేశుకు మొదటి మూర్ఛ ఎనిమిదో ఏట వచ్చింది. అమ్మ సరోజిని జీడిపప్పు బట్టీలో పనిచేసేది. జీడినూనె తగిలి ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగా, పొరలు లేచి ఉండేవి. బడి లేని రోజున పిల్లాణ్ని కూడా బట్టీకి తీసుకెళ్లేది. ఒకరోజు వాడు "అమ్మా, ఏదో మాడతంది" అన్నాడు. బట్టీలో ఏదో ఒకటి మాడుతూనే ఉంటుంది గనక ఆమె పట్టించుకోలేదు. మరునిమిషంలో వాడు గింజల కుప్పమీద పడి కొట్టుకున్నాడు. తరవాత కూడా ప్రతిసారీ ముందు ఆ మాడువాసన, వెనకే మూర్ఛ. శ్రీకాకుళంలో ఒక ముసలి డాక్టరు ఏళ్ల తరబడి మందు వాడించి, పదిహేనో ఏట మాన్పించాడు. "తగ్గిందిలే. కానీ నిద్ర మాత్రం పాడుచేసుకోకు నాయనా. నిద్ర లేకపోతే అది మళ్లీ తలెత్తుతుంది" అన్నాడు. ఆ డాక్టరు ఇప్పుడు లేడు. తమ్ముడి తలలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనే దమయంతి మెదడు, నరాల వైద్యం చదివింది.

రెండేళ్ల కిందట తారకేశు మరో చోట సైనిక ఎంపికకు వెళ్లాడు. పరుగులో మొదటివాడుగా వచ్చాడు. డాక్టరు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. అందరి ముందూ చొక్కా చేతికిచ్చి పంపేశారు. ఇంటికొచ్చి నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక సాయంత్రం వాడు కనబడకపోతే సరోజిని వెతుక్కుంటూ వెళ్లింది. స్టేషను దాటాక పట్టాల పక్కన కంకరమీద కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కనే కూర్చుంది. రెండు బళ్లు వెళ్లిపోయాక చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ సంగతి ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ప్రయోగశాల వెనక పంపుషెడ్డు దగ్గర దమయంతి తమ్ముణ్ని పట్టుకుంది.

"ఎందుకురా ఇలా చేశావు?"

"కిందటిసారి సెప్పాను కదప్పా. సెప్తే ఏటైంది?" అన్నాడు తారకేశు. వాళ్ల వైపు అక్కను అప్పా అనే పిలుస్తారు.

"ఇది మామూలు సైనిక ఉద్యోగం కాదు. నీ మెడలో పెట్టబోయేది నేను చేసిన వస్తువు. పైన కొండమీద నిద్ర ఉండదు. నిద్ర లేకపోతే ఏమవుతుందో నీకు తెలీదా?"

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రానేదు. తగ్గిపోయిందని ఆ డాక్టరే అన్నాడు."

"తగ్గిందన్నాడు. పోయిందనలేదు."

తారకేశు పంపులోంచి కారుతున్న నీళ్లు దోసిట పట్టి ముఖం కడుక్కున్నాడు. "నువ్వు సెప్పీమంటే ఇప్పుడే లోపలికెల్లి సెప్పీస్తాను. కానీ నాను మళ్లీ పలాస ఎల్లలేనప్పా. ఆ గోడ కేసి సూస్తా నాను బతకలేను."

మర్నాడు పొద్దున్నే సరోజిని ఫోన్ చేసింది. "ఒసే దమయంతీ, నీకు సదువు సెప్పించినాను. పెళ్లి సేసినాను. ఎప్పుడూ నిన్నేటీ అడగనేదు. ఇప్పుడు ఒకటే అడుగుతన్నాను. నోరిప్పకు. నువ్వు నోరిప్పితే ఆడు నాకు దక్కడు" అంది.

దమయంతి నోరిప్పలేదు.

ఆమె ప్రయోగశాలలో తయారైన వస్తువును జతనాడి అంటారు. చింతగింజ కన్నా పెద్దది కాదు. మెడ వెనక, చర్మం కింద పెడతారు. ఆరుగురు ఒక జట్టు. ఆ ఆరుగురి నాడులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేస్తుంది అది. ఉత్తరాన మంచుకొండల మీద కాపలా కాసేవాళ్లు తుపాకి గుండుకన్నా చలికీ, నిద్రలేమికీ ఎక్కువమంది పోతున్నారు. జతనాడి ఉంటే ఇద్దరు పడుకుంటే ఆ విశ్రాంతి మిగతా నలుగురికీ అందుతుంది. ఒకడి నొప్పిని ఆరుగురూ తలా కాస్తా మోస్తారు.

తారకేశు, ఓబులేసు ఒకే జట్టులో పడ్డారు. మెడ గాయాలు మానాక మొదటి పరీక్ష. ఐసుముక్కలు నింపిన బకెట్టులో ఓబులేసు మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. మామూలు మనిషి అయితే నిమిషం తిరక్కుండా లాగేసుకుంటాడు. ఓబులేసు మాత్రం కథలు చెబుతూ నిలబడ్డాడు. గదికి ఆ చివర పొడి బట్టలతో కూర్చున్న అయిదుగురూ తమ చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టారు.

"తియ్యరా బాబూ, నా సెయ్యి పోతంది!" అని అరిచాడు తారకేశు.

"ఉండప్పా, నాకు సల్లగా బాగుండాది" అన్నాడు ఓబులేసు.

అందరూ పగలబడి నవ్వారు. ఒకడు నవ్వితే ఆరుగురికీ నవ్వొచ్చేది, ఆగేదికాదు. తమ్ముడు అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో దమయంతికి గుర్తు రాలేదు.

ఓబులేసు మంచం తారకేశు మంచం పక్కనే. తారకేశు ముద్దపప్పులోకి ఆవకాయ అడిగితే, వాడు ఇంటినుంచి తెచ్చుకున్న శనక్కాయల పొడి పెట్టేవాడు. దమయంతి కనిపించినప్పుడల్లా ఒకే ప్రశ్న వేసేవాడు. "మేడం, నా తల బాగుండాదా? మా యమ్మ అడుగుతాండాది. చెట్టు మీంచి పడినప్పటినుంచి ఆయమ్మకు అదే దిగులు."

"నీ తలకేమీ కాలేదు. నిక్షేపంగా ఉంది" అని దమయంతి చెప్పేది. అది నిజమే.

తమ్ముడి విషయంలో ఆమెకు అంత నిశ్చింత లేదు. అందుకని జట్టు మొత్తానికి నిద్రలేమి పరీక్ష పెట్టింది. రెండు రాత్రులు ఆరుగురినీ మేలుకోబెట్టి, తలలకు తీగలు తగిలించి, తెరమీద తారకేశు గీతనే చూస్తూ కూర్చుంది. మిగతావాళ్ల గీతల్లో అక్కడక్కడా చిన్న చిన్న ముళ్లు లేచాయి. అలసిపోయారు మరి అనుకుంది. తమ్ముడి గీత మాత్రం గాలి లేని రోజున చెరువులా ఉంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంది. జతనాడి తీసేసి వాణ్ని ఒంటరిగా కూడా పరీక్షించాలని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఒక్కడినే ఎందుకని అడుగుతారు. అడిగితే నిజం చెప్పాలి.

జట్టు కొండకు బయల్దేరింది. లారీ ఎక్కుతూ తారకేశు అందరిలాగే ఆమెకు సెల్యూట్ చేశాడు. అప్పా అని పిలవలేదు.

కొండమీది జట్ల నాడులు ప్రయోగశాలలో తెరలమీద కనిపిస్తుండేవి. రెండు నెలలు ఏ చీకూ చింతా లేకుండా గడిచాయి. తరవాత మంచుతుపాను పట్టుకుంది. పైకి రావలసిన జట్టు రాలేకపోయింది. పడుకోవలసిన ఇద్దరు కూడా మంచు ఎత్తిపోయడానికి లేవవలసి వచ్చింది. విశ్రాంతి తీసుకునేవాడే లేనప్పుడు పంచుకోవడానికి ఏం మిగులుతుంది? తుపాను తెరిపిచ్చిన రోజు మధ్యాహ్నం, ఆరుగురూ ఒకే తాడు నడుములకు కట్టుకుని మంచువాలు మీదుగా కింది శిబిరానికి దిగుతున్నారు.

దమయంతి చేతిలో టీ గ్లాసు ఉంది. తెరమీద ఓబులేసు గీత ఒక్కసారిగా గోడలా లేచి నిలబడింది. దానివెనక మరొకటి, మరొకటి. ఆమె ఎన్నో మూర్ఛలు చూసిన డాక్టరు. చూడగానే తెలిసిపోయింది. అయిదు గీతలు ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి. అయిదే. ఆరో గీత చెరువులా ఉంది.

తరవాత మూడు గీతలు, ఒకదాని తరవాత ఒకటి, ఆగిపోయాయి.

వాలు మీద తాడు తెగింది. ఓబులేసుతో కలిపి ముగ్గురు మంచుచీలికలో పడిపోయారు. ఇద్దరిని తారకేశు ఒక్కడే లాక్కుంటూ శిబిరానికి చేర్చాడు. ఆ ఇద్దరికీ మూర్ఛలు ఆగలేదు. జతనాడి తీసేసినా ఆగలేదు. రోజుకు రెండు మూడుసార్లు వస్తూనే ఉన్నాయి. తారకేశుకు మాత్రం వేళ్ల చివర్లు మంచుకు కమిలాయి, అంతే.

సైనిక ఆసుపత్రిలో తమ్ముడి మెడలోంచి జతనాడిని దమయంతే తన చేతుల్తో తీసింది. తీశాక వాణ్ని రెండు రాత్రులు మేలుకోబెట్టి పరీక్షించింది. ఇంతకుముందు ధైర్యం చేయని పరీక్ష అది. గీత నున్నగా ఉంది. చిన్నప్పటి జబ్బు ఆనవాలైనా లేదు. చెరిపేసిన పలకలా ఉంది వాడి తల.

తెల్లారాక తారకేశు నోరు విప్పాడు.

"ఆ వాసనొచ్చిందప్పా. వాలు దిగతన్నప్పుడు. మాడువాసన. అయిపోయాననుకున్నాను. ఇదిగో, ఇలా ముక్కుదాకా వచ్చి, పోయింది. నాకేటీ అవనేదు. నా ముందు ఓబులేసు నడస్తన్నాడు. ఆడు ఆగిపోయి ఎనక్కి తిరిగాడు. 'ఏందప్పా ఈ మాడువాసన?' అన్నాడు." వాడు కమిలిన వేళ్లతో ముఖం కప్పుకున్నాడు. "అంత మంచులో మాడువాసన ఏటప్పా? ఆడికెలా తెలస్తది?"

దమయంతికి అప్పుడు మొత్తం అర్థమైంది. నొప్పిలాగే, నిద్రలాగే మూర్ఛను కూడా జతనాడి పంచింది. నిద్రలేమి పరీక్షలో మిగతావాళ్ల గీతల్లో లేచిన ముళ్లు అలసటవి కావు. తమ్ముడి తలలోంచి ఒలికిపోతున్న జబ్బును వాళ్లు రోజూ కొంచెం కొంచెం మోశారు. మోసీ మోసీ వాళ్ల తలలు దాన్ని నేర్చుకున్నాయి. నేర్పిన తల ఖాళీ అయిపోయింది.

విచారణ జరిగింది. మూర్ఛ మొదట ఓబులేసులో కనబడిందని యంత్రం చెప్పింది. ఎందుకు వచ్చిందో వెతికారు. ఆరుగురిలో అయిదుగురు తమకు చిన్నప్పటినుంచి ఏ జబ్బూ, ఏ దెబ్బా లేదని చెప్పినవాళ్లు. చెట్టుమీంచి పడ్డానని చెప్పినవాడు ఒక్కడే. దెబ్బ సంగతి చెప్పాడుగానీ దాని తీవ్రత దాచాడని తేల్చారు. అతడివల్ల మరో ఇద్దరు సైనికులు మరణించారన్నారు. మిగతా ఇద్దరి శవపేటికల మీదా జెండా కప్పారు, తుపాకులు పేల్చి వందనం చేశారు. ఓబులేసు శవపేటికను మామూలు వ్యానులో ముదిగుబ్బ పంపించారు.

తారకేశు ఆ కబురు విన్న రోజున ఆసుపత్రి మంచం దిగి, చెప్పులు కూడా లేకుండా ప్రయోగశాలకు వచ్చాడు. "ఇప్పుడైనా సెప్పీద్దామప్పా" అన్నాడు. దమయంతి అప్పటికే చీర కుచ్చిళ్లు సర్దుకుని బయల్దేరుతోంది. ఇద్దరూ కలిసి ప్రయోగశాల అధిపతి పరాంకుశంగారి గదికి వెళ్లారు. ఆయన కిటికీ దగ్గర నిలబడి, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుచెప్పకుండా అంతా విన్నారు.

"ఇతను నీ తమ్ముడా?" అన్నారు చివరికి.

"అవునండీ."

"మూర్ఛ ఉండేదని రుజువేమిటి?"

"నేను చూశానండీ. మా అమ్మ చూసింది."

"వైద్యం చేసిన డాక్టరు?"

"పోయారు."

"ఇతని తలలో ఇప్పుడేమైనా ఉందా?"

"లేదండీ" అంది దమయంతి. పరాంకుశంగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. దమయంతికి పాఠం చెప్పిన గురువు.

"నువ్వు చెప్పేది నిజమేనని నాకు అనిపిస్తోందమ్మా. నిజమైతే ఇంకో సంగతి కూడా నిజం. మన జతనాడి ఒకడి జబ్బును మిగతావాళ్లకు అంటిస్తుంది. ఇవాళ కొండమీద నలభై జట్లు ఉన్నాయి. అందులో ఎంతమంది 'లేదు సార్' అని అబద్ధం చెప్పి వెళ్లారో ఎవరికి తెలుసు? నేనీ మాట పైకి చెబితే నలభై జట్లనూ దించాలి. దించితే ఎల్లుండికల్లా ఆ కొండ మనది కాదు. అందుకని పైవాళ్లు నా మాట నమ్మరు. నమ్మడానికి వీల్లేదు వాళ్లకి."

"మరి ఓబులేసు పేరు?"

"చచ్చిపోయినవాడి మీద నెపం పెట్టడం తేలికమ్మా" అన్నారాయన, ఆమె ముఖం చూడకుండా.

అయినా తారకేశు ఊరుకోలేదు. తనను ఎంపిక చేసిన ఆ ముగ్గురు డాక్టర్ల ముందే మళ్లీ నిలబడ్డాడు. తనకు చిన్నప్పటినుంచి మూర్ఛ ఉందనీ, దాచాననీ, తనవల్లే జట్టు పోయిందనీ చెప్పాడు. వాళ్లు చాలా ఓపికగా విన్నారు. రెండుసార్లు తల స్కానింగు చేయించారు. పెద్దాయన వాడి భుజం తట్టాడు. తోటివాళ్లు పోయి తానొక్కడే మిగిలిన దుఃఖంలో సైనికుడు లేని జబ్బును ఊహించుకుంటున్నాడని, మతి స్థిమితం తప్పిందని నిర్ణయించి వాణ్ని ఇంటికి పంపేశారు. వాడు మొదటిసారి చెప్పిన అబద్ధాన్ని నమ్మిన మనుషులే, ఈ నిజాన్ని జబ్బుకింద కట్టారు. సొంత తమ్ముడని తేలింది గనక దమయంతిని జట్ల పరీక్షలనుంచి తప్పించి వేరే గదికి మార్చారు. జతనాడి పని ఆగలేదు. ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

దమయంతీ తారకేశూ ముదిగుబ్బలో బస్సు దిగి, ఆటో పట్టుకుని ఓబులేసు పల్లెకు వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. ఓబులేసు తల్లి ఈశ్వరమ్మ వసారాలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. యాభై ఏళ్లుంటాయి. తారకేశు పేరు చెప్పగానే లేచి నిలబడింది.

"నువ్వేనా నాయనా తారకేశు! మావోడు ఫోన్ చేసినప్పుడల్లా నీ మాటే చెప్తాండె. కూసోండి, కూసోండి. ఈయమ్మ ఎవరు?"

"నా అప్ప... అక్కమ్మా. డాక్టరు."

ఈశ్వరమ్మ ఇద్దరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. శవం వచ్చిన రోజు ఊళ్లో సగం మంది కూడా రాలేదని, ఇద్దరు సైనికుల్ని చంపినోడంట అని చెప్పుకున్నారని, ఆ మాట అన్నవాళ్లంతా చిన్నప్పుడు వాణ్ని ఎత్తుకున్నవాళ్లేనని మామూలుగా చెప్పుకొచ్చింది. తారకేశు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. బట్టీలో పడి కొట్టుకున్న రోజునుంచి మొదలుపెట్టి, మంచువాలూ, పిచ్చివాడని తనను ఇంటికి పంపేయడందాకా, ఏదీ వదలకుండా చెప్పాడు. తన ప్రాంతపు యాసలో గబగబా చెబుతుంటే ఆమెకు అర్థం కానిచోట దమయంతి మళ్లీ చెప్పింది. తాను అద్దం వెనక కూర్చుని మీట నొక్కకపోవడం, నోరిప్పొద్దని అమ్మ ఫోన్ చేయడం కూడా చెప్పింది.

ఈశ్వరమ్మ చేతులు ఒలవడం మానలేదు. పొట్టు ఒకపక్క, గింజ ఒకపక్క పడుతూనే ఉన్నాయి. తల ఎత్తకుండానే అడిగింది.

"ఇప్పుడు నీకు వస్తాందా నాయనా ఆ జబ్బు?"

"లేదమ్మా."

"పోయిందా?"

"పోయింది."

"యాడికి పోయింది?"

తారకేశు నేలమీద తల ఆనించి ఏడ్చాడు. ఆమె వాణ్ని ఓదార్చలేదు, తిట్టనూలేదు. చేట పక్కకు పెట్టి, గోడకు చేరగిలబడింది.

"వాడు ఆ దినం ఫోన్ చేసి అడిగినాడమ్మా, చెట్టు మీంచి పడిన సంగతి చెప్పాల్నా వద్దా అని" అంది దమయంతితో. "నేనే చెప్పమన్నా. దేవుని ముందర చెప్పినట్టు చెప్పు, మనకేం భయం అన్నా. మీయమ్మ చెప్పొద్దనింది. నీ తమ్ముడు ఇంటికొచ్చినాడు. నేను చెప్పమన్నా."

పరాంకుశంగారికి మళ్లీ చెబుతామని, పత్రికలవాళ్లకు చెబుతామని, ఓబులేసు తప్పేమీ లేదని ఊరందరి ముందూ చెబుతామని తారకేశు అన్నాడు.

"చెప్పు నాయనా, చెప్పు" అంది ఈశ్వరమ్మ. "నిన్ను పిచ్చోడని పంపించినారంటివి గదా. ఊళ్లోవాళ్లు మాత్రం ఏమంటారు?"

వీధిలోంచి పరుగు చప్పుడు వినబడింది. పందొమ్మిదేళ్ల అమ్మాయి, ట్రాక్ ప్యాంటూ అన్న పాత బనియనూ వేసుకుని, చెమటతో వసారా ఎక్కింది. ఓబులేసు చెల్లెలు గంగాభవాని. దుమ్ములో పరుగెత్తి వచ్చిందేమో, ఛాతీలోంచి పిల్లికూనలు అరుస్తున్నట్టు సన్నని కూత వస్తోంది. డాక్టరు చెవికి ఆ కూత ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"సైన్యంలో చేరతానంటాంది" అంది ఈశ్వరమ్మ. "వచ్చే వారం అనంతపురంలో ఎంపికంట. జతనాడి వాళ్లే తీసుకుంటాండారంట. వాళ్లన్న పేరు మళ్లీ నిలబెడతాదంట."

"వద్దమ్మా!" అన్నాడు తారకేశు ఉలిక్కిపడి. "పంపొద్దు. పంపితే మాత్రం ఉబ్బసం ఉందని సెప్పీమనండి. దాయొద్దు. ఆ జట్టులో అయిదుగురు..."

గంగాభవాని వాడివంక చూసింది. వాడెవరో తెలియకపోయినా, వాడి కళ్లు చూసి ఎవరై ఉంటాడో ఊహించుకున్నట్టు ఉంది. "మా యన్న చెప్పినాడు గదా" అంది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "చెప్తే... ఏం చేసినారు... మా యన్నను?"

ఆ అమ్మాయి చెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్లింది. అందులో పీల్చుకునే పంపు ఉంది, దాని నీలం మూత పైకి కనబడుతోంది. బయటికి తీయబోయింది.

"ఆయమ్మ డాక్టరు" అంది ఈశ్వరమ్మ గభాలున. "ఆయమ్మ ముందర తీయొద్దు."

చెయ్యి జేబులోనే ఆగిపోయింది. గంగాభవాని స్తంభం పట్టుకుని నిలబడింది. భుజాలు పైకి లేస్తున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, పెదవుల చుట్టూ రంగు మారుతోంది. కళ్లు మాత్రం దమయంతి మీదే ఉన్నాయి.

"తీసుకోమ్మా, నేనెవరికీ చెప్పను, తీసుకో" అంది దమయంతి, రెండు చేతులూ జోడించి.

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. తల్లి దమయంతివైపు చూడడంలేదు, కూతురివైపూ చూడడంలేదు. చేటలోని గింజలకేసి చూస్తోంది.

దమయంతి తమ్ముడి రెక్క పట్టుకుని లేవదీసింది. వాడు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమె వినలేదు. చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగకుండా, వాణ్ని ఈడ్చుకుంటూ ఎండలోకి దిగింది. ఇల్లు కనబడకుండా పోయే మలుపుదాకా పరుగులాంటి నడకతో వెళ్లింది, ఆ పిల్ల ఊపిరి పీల్చుకోవడానికి.